చెల్లు వేయని పద్దు

బడిలో లేఖారచన నేర్పునప్పుడు సామాన్యముగా మూడు నాలుగు ఉత్తరములు వ్రాయింతురు. జ్వరము వచ్చినది, రెండు దినములు సెలవు దయచేయుడని ప్రధానోపాధ్యాయునకు ఒకటి. దసరా సెలవులలో మా ఊరికి రమ్మని మిత్రునకు ఒకటి. పుస్తకములు పంపుడని విక్రేతకు ఒకటి. వీధి దీపము వెలుగుట లేదని పంచాయతీకి ఒకటి. ఈ నాలుగును చక్కగా వచ్చిన విద్యార్థి పరీక్ష గట్టెక్కును. కాని చదువు ముగించి సంసారములో పడిన పిమ్మట మనిషికి అక్కరపడు ఉత్తరము వేరొకటి కలదు. "మీరు నా పేర వ్రాసిన బాకీ సరికాదు" అని చెప్పు ఉత్తరము. దానిని బడిలో వ్రాయించువారు తక్కువ. కారణము బహుశః ఇది: బాకీ మాట ఎత్తగానే మన పెద్దలకు సిగ్గు ముందు పుట్టును, లెక్క తరువాత గుర్తు వచ్చును.

సంగారెడ్డి జిల్లాలో, నారాయణఖేడ్ ప్రాంతమున, సిర్గాపూర్ అను ఊరు కలదు. 2016లో క్రొత్త జిల్లాలు, క్రొత్త మండలములు ఏర్పడినప్పుడు అది మండల కేంద్రమైనది. అంతకు ముందు మెదక్ జిల్లాలోనిది. ఇంకను వెనుకకు పోయినచో, 1956 వరకు నారాయణఖేడ్ తాలూకా అంతయు బీదరు జిల్లాలో చేరియుండెను. కర్ణాటక, మహారాష్ట్రముల హద్దులు అక్కడికి ఎంతో దూరము కావు. అందువలన ఆ వైపు మాటలలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ ఒకదానితో నొకటి ఒరసికొని నడచును. అప్పుల మాటలలో ఈ కలయిక మరింత బాగుగా కనబడును. ఖాతా, జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, దస్తావేజు: ఇవి యన్నియు ఎక్కడినుండియో వచ్చి తెలుగువాని నాలుకపై స్థిరపడినవే. వీటి నడుమ ఒక చిన్న మాట మాత్రము అచ్చముగా తెలుగుది. అది చెల్లు. తీర్చిన సొమ్మును నోటు వెనుక వ్రాయుటను 'చెల్లు వేయుట' అందురు. చెల్లు పడిన సొమ్ము రైతుది; చెల్లు పడని సొమ్ము గాలికి పోయినట్లే.

తెలంగాణపు పల్లెలలో పూర్వము అప్పు నడచిన తీరు తెలిసినవారికి ఈ చిన్న మాట విలువ తెలియును. మృగశిర కార్తెలో విత్తనములకు గింజలు కావలెను. సాహుకారు నాగు ఇచ్చును. పంట చేతికి రాగానే తెచ్చినదానికి పాతిక వంతో సగమో చేర్చి తిరిగి కొలువవలెను. డబ్బు రూపమున తెచ్చిన అప్పునకు వడ్డీ వేరు. విత్తనాల వేళ జొన్నల ధర ఎక్కువ, కోతల వేళ తక్కువ. తెచ్చినప్పుడు ఎక్కువ ధరకు, ఇచ్చినప్పుడు తక్కువ ధరకు లెక్క కట్టిన యెడల నడుమ నుండి కొంత ఎగిరిపోవును. ఇది రైతునకు తెలియనిది కాదు, తెలిసియు ఊరకుండెడివాడు. తెలియనిది మరియొకటి ఉండెను. కల్లములో కొలిచి ఇచ్చిన గింజలు చిట్టాలోనికి ఎక్కినవా లేదా అనునది. చిట్టా సాహుకారు ఇంట నుండును. దానిలోని లిపి సాహుకారునకు మాత్రమే తెలియును. రైతుది బొటన వ్రేలి ముద్ర.

ఒక లెక్క వేసి చూడవచ్చును. బడి పిల్లలు పలకమీద వేయదగినదే. ఒకడు నూరు రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొందము. ఏడాది చివర బాకీ 124 రూపాయలు. అప్పుడు అతడు 60 రూపాయల విలువగల జొన్నలు కొలిచెను. చెల్లు పడినచో మిగిలినది 64 రూపాయలు. చెల్లు పడనిచో 124 రూపాయలే అసలై కూర్చుండును. ఏటేటా వడ్డీని అసలులో కలిపివేయు ఖాతాలో, వ్రాయక విడిచిన ఆ 60 రూపాయల పద్దు ఒక్కటియే ఐదవ ఏటి చివరకు సుమారు 142 రూపాయల బాకీగా పెరుగును. రైతు తాను ఇచ్చిన జొన్నలకు తానే వడ్డీ కట్టుచున్నాడన్న మాట. ఇందులో దొంగలెక్క వ్రాయవలసిన పనియే లేదు. ఒక పంక్తి వ్రాయకుండుట చాలును. కూడికలు, హెచ్చవేతలు అన్నియు సరిగానే యుండును. ఏ గుమాస్తా తిరుగవేసినను తప్పు దొరకదు.

ఈ చిక్కు ప్రాచీనమైనది. దీనికి విరుగుడు చెప్పిన గ్రంథము పుట్టిన చోటు సిర్గాపూర్‌కు మరీ పరాయిది కాదు. బాకీ కొంత కొంతగా తీర్చుచున్నవాడు ఇచ్చినప్పుడెల్ల ఆ సంగతి పత్రము వెనుక వ్రాయవలెననియు, లేనిచో సొమ్ము పుచ్చుకొన్నవాడు తన చేవ్రాలుతో రసీదు ఈయవలెననియు, బాకీ పూర్తిగా తీరినపుడు పత్రమును చించివేయవలెననియు యాజ్ఞవల్క్య స్మృతి విధించినది. ఆ స్మృతికి 'మితాక్షర' అను వ్యాఖ్యను విజ్ఞానేశ్వరుడు రచించినది కల్యాణిలో, 1076 నుండి 1126 వరకు ఏలిన చాళుక్య విక్రమాదిత్యుని కాలమున. ఆ కల్యాణియే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. పదమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన ఆ వ్యాఖ్యను 'విజ్ఞానేశ్వరీయము' అను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. నోటు వెనుక చెల్లు వేయు ఆచారము కచేరీలతో వచ్చినది కాదనుటకు ఇంతకు మించిన సాక్ష్యము అక్కరలేదు.

భద్రాచల రామదాసు కథలో సయితము ఈ సంగతియే దాగియున్నది. తానాషా ఖజానాకు కట్టవలసిన సొమ్మును గుడికి వెచ్చించినందున కంచెర్ల గోపన్న చెరసాల పాలయ్యెను. రామలక్ష్మణులు సేవకుల వేషమున వచ్చి ఆ సొమ్ము చెల్లించిరని జనులు చెప్పుకొందురు. కథలో భక్తులు తన్మయులగునది దేవుడు వచ్చుట వద్ద. లెక్క తెలిసినవారు మాత్రము తరువాతి సంగతి దగ్గర ఆగవలెను: ఆ వచ్చినవారు సొమ్ము ఇచ్చి ఊరకే పోలేదు, రసీదు పుచ్చుకొని గోపన్నకు చేర్చిరి.

బాకీ ఖాతాలో పద్దులు పడక నష్టపోయినది గోచీ గట్టిన రైతు మాత్రమే అనుకొనుట పొరపాటు. సిర్గాపూర్ రైతు ఏ ప్రభువునకు శిస్తు కట్టెనో ఆ నిజాము ప్రభువే ఇంకొకరి ఖాతాలో బాకీదారు. ఆ బాకీని కాదనుచు హైదరాబాదు నుండి వెళ్లిన ఉత్తరముల చరిత్ర డెబ్బది యేండ్లకు పైగా సాగినది. తెలుగుదేశపు పటము నేటి రూపమునకు వచ్చుటలో ఆ ఖాతాకు గల పాత్ర చిన్నది కాదు.

మొదట ఖాతా తలక్రిందుగా ఉండెను. 1766 సంధి ప్రకారము ఉత్తర సర్కారులు, అనగా కోస్తా తెలుగు జిల్లాలు, ఈస్టిండియా కంపెనీకి పోయినవి. వాటికై ఏటేటా పేష్కషు కట్టవలసినది కంపెనీయే. అది స్థిరపడిన మొత్తము ఏడు లక్షల రూపాయలు. అంతవరకు నిజామే ఋణదాత. 1800లో మరియొక సంధి జరిగెను. నిజాము రక్షణకై కంపెనీ నిలుపు సైన్యపు ఖర్చు క్రింద బళ్లారి, అనంతపురము, కడప మొదలగు మండలములు శాశ్వతముగా దత్తమైనవి. నేటి రాయలసీమను చిరకాలము 'దత్తమండలము' అని పిలిచినది అందువలననే. సైన్యపు ఖర్చు అంతటితో తీరిపోవలసినది. అదే సంధిలో, యుద్ధము వచ్చినచో నిజాము ఆరు వేల కాల్బలమును, తొమ్మిది వేల గుఱ్ఱపు దళమును పంపవలెనని ఒక షరతు కలదు. యుద్ధము వచ్చినచో అని మాత్రమే. శాంతికాలమున పోషించవలెనని అందులో లేదు.

హెన్రీ రస్సెల్ రెసిడెంటుగా ఉన్న కాలమున ఆ షరతును ఆధారము చేసికొని ఒక క్రొత్త దళము పుట్టెను. తరువాత దానికే 'హైదరాబాదు కాంటింజెంటు' అను పేరు వచ్చినది. అధికారులు ఆంగ్లేయులు, జీతములు ఘనమైనవి, యజమానులు రెసిడెన్సీవారు. ఖర్చు మాత్రము నిజాముది. దివాను వ్యవహారములు చక్కబెట్టుచుండిన చందూలాల్ దీనిని కాదనలేదు. కాదనినచో తన పదవి ఏమగునో ఆయనకు తెలియును. ఖజానాలో డబ్బు లేదు. పామరు అను వర్తకుడు 1814లో హైదరాబాదున స్థాపించిన కొఠీ అప్పులిచ్చుటకు సిద్ధముగా ఉండెను. 1820లో అరువది లక్షల అప్పు ఒకటి తెచ్చిరి. ఆ యేడే రెసిడెంటుగా వచ్చిన చార్లెసు మెట్కాఫు లెక్కలు తిరుగవేయగా, ఆ అరువదిలో ఎనిమిది లక్షలు నిజాము ఖజానాకు చేరినవే కావనియు, కొఠీవారు తమకు తాము వేసికొన్న బహుమానమనియు తేలెను. పల్లెలో నూరు వ్రాయించుకొని తొంబది చేతిలో పెట్టు సాహుకారు ఇంతకంటె వేరుగా ఏమి చేసినాడు?

ఆ బాకీ తీరిన తీరు ఇంకను వింతయైనది. 1823లో కంపెనీవారు తాము ఏటేటా కట్టవలసిన ఏడు లక్షల పేష్కషును ఒకేసారి మొత్తముగా మార్చి, సుమారు 1 కోటి 16 లక్షల రూపాయలుగా లెక్క గట్టి, దానితో పామరు కొఠీ బాకీని తీర్చిరి. ఉత్తర సర్కారులపై నిజామునకు మిగిలియున్న చివరి రాబడి ఆ విధముగా వడ్డీ వ్యాపారి ఖాతాలో కలిసిపోయినది. ఋణదాతగా ఉన్న నిజాము బాకీదారుగా మారుటకు అర్ధ శతాబ్దము కొంచెము మించి పట్టినది.

కాంటింజెంటు జీతములు మాత్రము ఆగలేదు. ఖజానానుండి సొమ్ము అందనప్పుడు రెసిడెన్సీ ఖజానానుండి జీతములిచ్చి, దానిని నిజాము పేర బాకీ వ్రాసి, వడ్డీ కట్టుచు వచ్చిరి. 1853 నాటికి ఆ బాకీ 43 లక్షల కంపెనీ రూపాయలని తేల్చిరి. డల్హౌసీ గవర్నరు జనరలు. జాన్ లో రెసిడెంటు. బాకీ క్రింద, ఇకముందు జీతముల క్రింద, దేశములో కొంత భాగము అప్పగింపుమని అడిగిరి. రాజునకు రెండు పనులు అవమానకరములు, వంశపారంపర్యముగా వచ్చిన దేశమును అకారణముగా ఇచ్చుట ఒకటి, విశ్వాసముగా కొలిచిన సైన్యమును తొలగించుట ఒకటి అని నాసిరుద్దౌలా ఎంత చెప్పినను లాభము లేకపోయెను. 1853 మే 21న సంధి జరిగెను. బేరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివము పరగణాలు, మొత్తము సుమారు యాభై లక్షల ఆదాయము గల ప్రాంతము, ఆంగ్లేయుల పరిపాలనలోనికి పోయెను. సంధి జరిగిన కొలది దినములకే దివాను సిరాజుల్ముల్కు మరణించెను. ఆయన అన్న కొడుకు, ఇరువదినాలుగేండ్ల యువకుడు, సాలార్‌జంగు దివాను అయ్యెను.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. ఆ సంధిలో ఒక మంచి షరతు కూడ ఉండెను. అప్పగించిన జిల్లాల జమాఖర్చుల లెక్కను రెసిడెంటు ఏటేటా నిజామునకు చూపవలెను. ఖర్చులు పోగా మిగిలినది ఈయవలెను. దేశము పోయినను లెక్క అడుగు హక్కు మిగిలినది. బాకీదారుని చేతిలో నుండు ఆయుధము అదియొక్కటియే.

మరి 43 లక్షల బాకీ నిజమైనదా? దీనికి జవాబు హైదరాబాదు దర్బారునుండి గాక రెసిడెన్సీ లోపలినుండియే వచ్చినది. 1853 సంధి సమయమున అచ్చట ఉద్యోగిగా ఉండి, పిమ్మట రెసిడెంటు అయిన కల్నల్ డేవిడ్సన్, 1860లో తన ప్రభుత్వమునకు వ్రాసిన లేఖలో, ఉభయ పక్షముల లెక్కలను నిష్పక్షపాతముగా చూచియున్నచో ఆ 43 లక్షల విషయమున నిజాముపై తమకు న్యాయమైన హక్కు లేదని తాను ఎల్లప్పుడును తలచుచుంటినని ఒప్పుకొనెను. కారణము సరళమైనది. సికింద్రాబాదు, జాల్నా దండు బజారులలో కల్లు సారాయములపై వచ్చు ఆబ్కారీ రాబడి నిజాముది. దానిని 1812 నుండి 1853 వరకు ఆంగ్లేయులే వసూలు చేసికొనిరి. ఏడాదికి సుమారు లక్ష. నలుబదియొక్క ఏండ్లకు సుమారు 41 లక్షలు. బాకీ 43 లక్షలు. మధ్య తేడా ఎంతయో చెప్పుటకు పలక అక్కరలేదు. వడ్డీ కూడ లెక్కించినచో తేడా ఏ వైపునకు తిరుగునో వేరే చెప్పనక్కరలేదు. అనగా నలుబదేండ్ల జమ చెల్లు పడలేదు. కల్లములో కొలిచిన జొన్నల కథయే ఇచ్చట లక్షలలో జరిగినది.

ఇట్టి లేఖ వెళ్లిన ఆ యేడే, 1860 డిసెంబరులో, క్రొత్త సంధి వచ్చినది. 1857లో హైదరాబాదు తమ పక్షమున నిలిచినందుకు ప్రతిఫలముగా ఆంగ్లేయులు యాభై లక్షల బాకీని రద్దు చేసిరి. రాయచూరు అంతర్వేదిని, ధారాశివమును తిరిగి యిచ్చిరి, సురపురమును చేర్చిరి. వినుటకు ఎంతో ఉదారముగా నున్నది. దీనికి బదులుగా గోదావరి ఎడమగట్టు తాలూకాలు ఆంగ్లేయులకు పోయినవి, భద్రాచలము అందులోనిది. రామదాసు బాకీపడి కట్టిన గుడి మరియొక బాకీ ఖాతాలో చేతులు మారినదన్న మాట. ఇంతకంటె ముఖ్యమైనది ఇంకొక షరతు. బేరారు జమాఖర్చుల లెక్కను నిజాము ఇకమీదట అడుగడు. గడచినదానికిని, నడచుచున్నదానికిని, రాబోవుదానికిని అడుగడు.

మాఫీ వేరు, బాకీ లేదనుట వేరు. 43 లక్షలు అసలు బాకీయే కాదు అని తేల్చియున్నచో బేరారును పట్టియుంచుటకు మొదటి ఆధారము పోయెడిది. ఉన్న బాకీని దయతో విడిచితిమి అన్నప్పుడు ఆ ఆధారము నిలిచినది. పైగా కృతజ్ఞత చెప్పవలసివచ్చెను. దానితో పాటు లెక్క అడుగు నోరు మూతపడినది. ఆ పిమ్మట కొలది యేండ్లకే బేరారు ప్రత్తికి ప్రపంచపు అంగడిలో గొప్ప గిరాకి వచ్చినది, రైలు వచ్చినది, రాబడి పెరిగినది. మిగులు ఎందుకు రాదని అడుగుటకు కాగితము లేదు.

సాలార్‌జంగు గొప్పతనము ఇచ్చట కనబడును. రాజ్యపు జీతబత్తెములు, శిస్తు వసూళ్లు చక్కబరచి, సాహుకారులలో నమ్మకము నిలిపి, చేతిలో సొమ్ము కూడిన పిమ్మటనే ఆయన కలము పట్టెను. 1872 మొదలుకొని ఆయన వ్రాసిన లేఖలలో ఏడుపు లేదు, పొగడ్త లేదు. ఏ సంధిలోని ఏ షరతు, ఏ యేట ఎంత, దేనికి బదులు ఏది: ఇట్లు సాగును. కాంటింజెంటు జీతములకు హామీయే కదా మీకు కావలసినది, దాని వడ్డీతో జీతములన్నియు గడచునంతటి మూలధనమును మీవద్దనే ఉంచెదము, బేరారును తిరిగి యిండు అని ఆయన కోరెను. బాకీదారు ఇంతకంటె న్యాయముగా అడుగలేడు. కాదనిరి. 1876లో ఆయన ఇంగ్లండు ప్రయాణమయ్యెను; దారిలో ప్యారిసున జారిపడి గాయపడియు ఆగలేదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము గౌరవ పట్టమిచ్చెను, విందులు జరిగెను. బేరారు మాట ముందునకు పోలేదు. 1878లో భారత మంత్రి సాలిస్‌బరీ జవాబు వచ్చెను: నిజాము ఇంకను బాలుడు, పెద్దవాడైన తరువాత అడిగినచో ఆలోచింపవచ్చునని. ఆ బాలుడు, మహబూబ్ అలీ ఖాన్, 1884లో అధికారము చేపట్టునప్పటికి సాలార్‌జంగు లేడు. 1883 ఫిబ్రవరి 8న కలరాతో మరణించెను.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1902లో కర్జను హైదరాబాదు వచ్చి, ఏడాదికి 25 లక్షల కౌలునకు బేరారును శాశ్వతముగా వ్రాయించుకొనెను. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1923లో తిరిగి ఉత్తరము వ్రాసి, బేరారును మరల అడిగెను. ఉభయులము సమానులము, నిష్పాక్షికముగా విచారణ జరుగవలెను అను ధోరణిలో 1925లో మరియొక ఉత్తరము నడచెను. 1926 మార్చి 27న వైస్రాయి రీడింగు ఇచ్చిన జవాబు భారతదేశ చరిత్ర చదువువారందరికిని తెలిసినదే. భారతదేశమున బ్రిటిషు సార్వభౌమత్వమే సర్వోన్నతము, ఏ సంస్థానాధీశుడును దానితో సమానముగా కూర్చుండి వాదింపరాదు అని దాని సారము. సంస్థానములపై బ్రిటిషు అధికారపు పరిధిని అంత నిర్మొగమాటముగా చెప్పిన పత్రము ఒక బాకీ తగవునకు జవాబుగా పుట్టినదని గుర్తుంచుకొనువారు తక్కువ. చివరకు 1936 ఒడంబడికలో నిజామునకు దక్కినది 'హైదరాబాదు, బేరారు నిజాము' అను బిరుదు. కుమారునకు 'బేరారు యువరాజు' అను పేరు. భూమి ఎక్కడిదక్కడనే ఉండెను.

సాలార్‌జంగు ఉత్తరములలో లోపమేమి? లోపము ఉత్తరములలో లేదు. ఋణదాతయే న్యాయాధిపతి, విన్నపము పోవలసిన చోటు, ఖాతా ఉన్న చోటు ఒక్కటే. మూడవవాడు లేడు. ఈ విషయమున నేటి సిర్గాపూర్ రైతు నాటి నిజాము కంటె అదృష్టవంతుడు. ఆయనకు లేని మూడవవాడు ఇతనికి కలడు.

సాహుకారు చిట్టా స్థానమున ఇప్పుడు బ్యాంకు పాసుబుక్కు వచ్చినది. మహిళా సంఘములలో పొదుపు పుస్తకము వచ్చినది. లిపి తెలుగో ఇంగ్లీషో, అంకెలు స్పష్టముగా ఉండును. అయినను కట్టిన వాయిదా జమ కాకపోవుట, ఒకరి సొమ్ము ఒకరి ఖాతాలో పడుట, తీసికొనని బీమాకు ప్రీమియము కోయుట, తీరిన అప్పు తీరనట్లు కనబడుట లేకపోలేదు. అట్టి సమయమున మన జనులు సామాన్యముగా రెండింటిలో ఒకటి చేయుదురు. ఊరకుండుట ఒకటి, మేనేజరుగారి వద్దకు పోయి, "కష్టములో ఉన్నాము, దయ చూపుడు" అని బ్రతిమాలుట రెండవది. మొదటిది నష్టకరము, రెండవది ప్రమాదకరము. ఎట్లనగా, 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము సామాన్యముగా ప్రామిసరీ నోటు బాకీపై మూడేండ్లలో దావా వేయవలెను. ఆ గడువు తీరకముందు బాకీదారు 'నేను బాకీ ఉన్నాను' అను అర్థమిచ్చునట్లు వ్రాసి సంతకము చేసినచో, అచ్చటినుండి మూడేండ్లు మరల మొదలగును. బాకీ కాని సొమ్మునకు దయ కోరుచు వ్రాసిన ఉత్తరము ఒప్పుకోలు పత్రమై కూర్చుండవచ్చును. మాఫీకి, బాకీ లేదనుటకు గల భేదము 1860లోనే కాదు, నేటికిని జీవించియే యున్నది. బ్యాంకుతో కొంత సొమ్మునకు రాజీపడి అప్పు ముగించుకొన్నవాని పేరు ఋణచరిత్ర పత్రములలో 'పూర్తిగా తీర్చినాడు' అని గాక 'రాజీ చేసికొన్నాడు' అని పడును. మరల అప్పునకు పోయినప్పుడు ఆ మాట అడ్డు వచ్చును.

కాబట్టి ఉత్తరములో దయ మాట రాకూడదు, కోపమును రాకూడదు. ఒప్పుకొనునది ఏదో, ఒప్పుకొననిది ఏదో విడదీసి చెప్పవలెను. మొత్తము బాకీని కాదనుట తేలిక, నిలుచుట కష్టము. జమ కాని పద్దును వేలుపెట్టి చూపుట కష్టము, చూపినచో నిలుచును. తొమ్మిదవ తరగతి విద్యార్థి తన తండ్రికి వ్రాసిపెట్టదగిన ఉత్తరము ఒకటి ఇట్లుండవచ్చును:

"బ్రాంచి మేనేజరుగారికి, నమస్కారములు. నా పంట అప్పు ఖాతాలో మార్చి 31 నాటికి 86,400 రూపాయలు బాకీ ఉన్నట్లు మీ నోటీసు ఈ నెల 4న అందినది. ఈ మొత్తము సరికాదు. గత జూన్ 12న నేను మీ కౌంటరులో 15,000 రూపాయలు కట్టినాను. మీ ముద్రతో ఇచ్చిన రసీదు నకలు జతపరచినాను. ఈ సొమ్ము నా ఖాతాలో జమ అయినట్లు కనబడలేదు. దానిపై అప్పటినుండి వేసిన వడ్డీ కూడ సరికాదు. అప్పు ఇచ్చిన నాటినుండి నేటివరకు నా ఖాతా పూర్తి వివరములు ఇప్పించి, పై సొమ్మును జూన్ 12వ తేదీతో జమ చేసి, సరిచేసిన బాకీని వ్రాతపూర్వకముగా తెలుపగోరుచున్నాను. ఈ ఉత్తరమును మీరు చూపిన బాకీకి నా అంగీకారముగా భావించరాదు."

ఇంతే. పది పంక్తులు మించలేదు. పిల్లల పెండ్లి, బోరు ఎండిపోవుట, వానలు లేకపోవుట ఇందులో లేవు. అవి నిజములే అయినను ఈ ఉత్తరములో వాటికి చోటు లేదు. అసలు రసీదు ఇంటనే ఉండవలెను, నకలు మాత్రమే పోవలెను. ఇది తెలియక ఉన్న ఒక్క ఆధారమును కవరులో పెట్టి పంపువారు ఎందరో. ఉత్తరమును స్వయముగా ఇచ్చినచో రెండవ ప్రతిపై ముద్ర, తేదీ వేయించుకొనవలెను. తపాలాలో పంపినచో స్పీడ్ పోస్టు రసీదు చాలును. పాత రిజిస్టరు పోస్టు 2025లో అందులోనే కలిసిపోయినది.

ముప్పది దినములలో బ్యాంకు జవాబు ఈయకున్నను, ఇచ్చిన జవాబు తృప్తికరముగా లేకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు ఫిర్యాదు చేయవచ్చును. దేశమంతటికి ఒకే విధానముగా ఇది 2021 నవంబరులో ఏర్పడినది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కాని మొదట బ్యాంకునకు వ్రాసినట్లు చూపనిదే అచ్చట విచారణకు తీసికొనరు. ఋణచరిత్ర పత్రములోని తప్పునైతే దానిని తయారుచేయు సంస్థకు వ్రాయవలెను. అది కూడ ముప్పది దినములలో తేలకున్నచో, 2024 ఏప్రిల్ నుండి అమలులోనున్న నియమము ప్రకారము, ఆలస్యమైన ప్రతి దినమునకు నూరు రూపాయల చొప్పున పరిహారము ఫిర్యాదు చేసినవానికి ఈయవలెను. ఆ ముప్పది దినములు ఏనాటినుండి లెక్కించవలెనో చెప్పునది రెండవ ప్రతిపై పడిన ముద్ర. దానిని పాసుబుక్కు అట్టలో, జూన్ 12 నాటి రసీదు ప్రక్కన, దాచిపెట్టవలెను.